ఒక్క మెతుకు చెప్పే సంగతి

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి మన తల్లులు ఒక్క మెతుకు పట్టి చూస్తారు. ఒక ప్రాంత ప్రజలకు అంటువ్యాధిని తట్టుకొనే శక్తి ఎంత ఉన్నదో తెలుసుకోవడం కూడా ఇటువంటిదే. అందరి రక్తమూ పరీక్షించలేరు గనుక కొందరిని ఎంచుకొని, ఆ వ్యాధిని ఎదుర్కొనే యాంటీబాడీలు వారి రక్తంలో ఉన్నాయేమో చూస్తారు. దీనినే సీరో సర్వే అంటారు.

కరోనా కాలంలో భారత వైద్య పరిశోధన మండలి 2021 జూన్, జూలై నెలల్లో తన నాల్గవ సర్వే జరిపింది. ఎంచుకొన్న 70 జిల్లాలలో కృష్ణా ఒకటి. నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ అప్పుడు ఆ జిల్లాలోనివే. జిల్లాకు 10 ఊళ్ళు లేక వార్డులు, ఒక్కొక్క చోట సుమారు 40 మంది. దేశం మొత్తం మీద 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. పిల్లలకు అప్పటికి టీకాయే లేదు; అయినా 6 నుండి 9 ఏళ్ళవారిలో 57.2 శాతం మందికి అవి ఉన్నాయి. అంటే ఆ వైరస్ చడీచప్పుడు లేకుండా ఎన్నో ఇళ్ళు తిరిగిపోయిందన్నమాట.

అయితే అన్ని చోట్లా లెక్క ఒకటి కాదు. మధ్యప్రదేశ్‌లో 79, మన రాష్ట్రంలో 70.2, కేరళలో 44.4 శాతం. కేరళలో అప్పటివరకు జబ్బు తక్కువమందికి సోకింది, కనుక సోకవలసినవారు ఎక్కువమంది మిగిలారు. ఆ ఆగస్టులో దేశంలోని కొత్త కేసులలో సగానికి పైగా అక్కడే నమోదయ్యాయి. అందుకే జిల్లాలవారీగా సొంత సర్వేలు జరుపుకొమ్మని కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు సూచించింది. ఒక కుండలోని మెతుకు పక్క కుండ సంగతి చెప్పదు గదా!

తట్టు విషయంలో

ఈ సంగతి కరోనాతో తీరిపోలేదు. రోగనిరోధక శక్తి లేనివారి మధ్య తట్టు వచ్చిన ఒక్క బిడ్డ నుండి 12 నుండి 18 మందికి అది సోకగలదు. దానిని ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. ఒక ఊరిలో నూటికి 98 మంది పిల్లలకు, పక్క ఊరిలో 70 మందికి మాత్రమే రక్షణ ఉన్నదనుకోండి. సగటు 84. ఆ సగటు ఏ ఊరి పరిస్థితినీ చెప్పదు. తట్టు మాత్రం రెండవ ఊరిని వెదుక్కొని పట్టుకొంటుంది.

చిల్లకల్లు మీదుగా హైదరాబాదు-విజయవాడ రహదారి పోతున్నది. మిరపకోతలకు కుటుంబాలు ఊళ్ళు మారుతుంటాయి. మనుషులు కదిలే చోట జబ్బూ కదులుతుంది. పిల్లల రెండవ డోసు తప్పిపోవడమూ తేలికే.

ప్రియమైన తల్లిదండ్రులారా! ఈ రాత్రే టీకాల కార్డు తీసి చూడండి. ఎం.ఆర్. టీకా మొదటి డోసు 9-12 నెలల మధ్య, రెండవది 16-24 నెలల మధ్య వేయించాలి. తప్పిపోతే ఐదేళ్ళలోపు వేయించవచ్చు, ఏ.ఎన్.ఎం.ను గాని ఆశా కార్యకర్తను గాని అడగండి. పొరుగింటి చంటిబిడ్డకు ఇంకా టీకా వేసే వయస్సు రాలేదు. ఆ బిడ్డకు రక్షణ మీ బిడ్డ వేయించుకొన్న టీకాయే.