మడమ స్నాయువు తెగిన తరువాత: తొలి మూడు నెలల జాగ్రత్తలు

మడమకు పైభాగాన, పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే గట్టి పట్టీ చేతికి తగులుతుంది. వైద్యులు దీనిని అకిలిస్ స్నాయువు అంటారు. శరీరంలోని స్నాయువులన్నింటిలో ఇదే మిక్కిలి మందమైనది, బలమైనది. అయినప్పటికీ చర్మానికి ఆనుకొని ఉన్నందున పదునైన అంచు తగిలితే తెగిపోతుంది. మోటారు సైకిలు చక్రంలో పాదం చిక్కుకోవడం, రేకు లేదా కొడవలి తగలడం, పగిలిన మరుగుదొడ్డి పింగాణీ అంచున కాలు జారడం ఇందుకు తరచు కారణాలవుతున్నాయి.

వాడుకలో “మడమ నరం తెగింది” అంటాము గాని, ఇది నరం కాదు. తెగిన పై కొసను పిక్క కండరం పైకి లాగివేస్తుంది. కనుక నాటుకట్టుతో, నూనె మర్దనతో కొసలు కలవవు. గాయాన్ని శుభ్రపరచి, కొసలను చేర్చి కుట్టవలసి ఉంటుంది. ధనుర్వాతపు సూది గురించి కూడా వైద్యుని అడగాలి. పాదం కొంత కదులుతున్నంత మాత్రాన స్నాయువు తెగలేదని భావించరాదు. ఇతర కండరాలు కూడా పాదాన్ని కదిలించగలవు.

కోలుకొనే క్రమం

తొలి రెండు వారాలు పాదాన్ని కిందికి వంచి సిమెంటు కట్టు వేస్తారు. కాలిని దిండ్లపై ఎత్తి ఉంచాలి, కట్టును తడపరాదు, వేళ్లను కదిలిస్తూ ఉండాలి. కుట్లను సాధారణంగా రెండు వారాలకు తీస్తారు. ఆ పైన సుమారు ఎనిమిదవ వారం వరకు మడమ కింద ఎత్తు ఉంచిన బూటు లేదా కట్టుతో పాదాన్ని క్రమంగా మామూలు స్థితికి తెస్తారు. ఎంత బరువు మోపవచ్చునో వైద్యుడే నిర్ణయిస్తారు. అంతవరకు చంకకర్రలు విడువరాదు. తరువాత ఫిజియోథెరపీతో పిక్కకు బలం చేకూర్చాలి.

నొప్పి తగ్గడం, స్నాయువు అతకడం ఒకటి కాదు. కుట్టిన స్నాయువు తిరిగి తెగే ప్రమాదం తొలి మూడు నెలలలోనే అధికం. ఈ కాలంలో గొంతుక్కూర్చోరాదు. మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ వాడాలి. స్నాయువు సాగిపోతే నడకలో కుంటు మిగిలిపోవచ్చును. పొగాకు, అదుపులేని మధుమేహం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

గాయం నుండి చీము లేదా దుర్వాసన, జ్వరం, వేళ్లు నీలిరంగుకు మారడం లేదా మొద్దుబారడం, పిక్కలో వాపుతో కూడిన నొప్పి, మడమ వద్ద హఠాత్తుగా తెగినట్లనిపించడం వంటివి కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రొమ్ము నొప్పి, ఆయాసం కలిగితే 108కు ఫోన్ చేయాలి. తమిళంలో మడమను కుదికాల్ అని, స్నాయువును తసైనాణ్ అని, సిమెంటు కట్టును మావుకట్టు అని, నొప్పిని వలి అని, వాపును వీక్కం అని, జ్వరాన్ని కాయ్చ్చల్ అని అంటారు. ఈ మాటలు వైద్యునితో మాట్లాడేటప్పుడు ఉపకరిస్తాయి.

కూలి పోతుందన్న భయం

అగ్గిపెట్టెల పనివారు, మిల్లు కార్మికులు పలువురు కూలి కోసం నెలకే పనిలో చేరి, అతుకుతున్న స్నాయువును ప్రమాదంలో పడవేసుకొంటారు. ఇ.ఎస్.ఐ. సభ్యులకు ఈ అవసరం లేదు. పనిలో జరిగిన గాయమైతే, వైద్యుడు ధ్రువీకరించినంత కాలం వేతనంలో సుమారు 90 శాతం లభిస్తుంది. ఇంట్లో జరిగినదైతే, చందా నిబంధనలకు లోబడి ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం లభిస్తుంది. ఈ 91 రోజులు స్నాయువుకు కావలసిన మూడు నెలలకు సమానమే. ప్రమాదాన్ని వెంటనే యజమానికి తెలియజేసి నమోదు చేయించాలి, ఇ.ఎస్.ఐ. వైద్యుని ధ్రువపత్రాలను భద్రపరచాలి. కూర్చొని చేసే పనికి ముందుగా, నిలబడి లేదా బరువులు మోసి చేసే పనికి ఆలస్యంగా అనుమతి లభిస్తుంది.

కోవిల్‌పట్టి ప్రభుత్వ ఆసుపత్రిలోను, 2022లో ప్రారంభమైన విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోను సలహా పొందవచ్చును. కదలలేనివారు, 2021 ఆగస్టు 5న ఆరంభమైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఇంటివద్ద ఫిజియోథెరపీ లభిస్తుందేమో సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విచారించగలరు. వెళ్లిన ప్రతిసారి శస్త్రచికిత్స తేదీ గల డిశ్చార్జి పత్రాన్ని వెంట తీసుకొని వెళ్లండి. వారాల లెక్క ఆ తేదీ నుండే మొదలవుతుంది.