తుంటి కీలు మార్పిడి తరువాత గమనించవలసిన రక్తనాళ సమస్యలు

తుంటి కీలు మార్పిడి చేయించుకొన్నవారు నడక కుదుటపడగానే చికిత్స ముగిసిందని భావించడం సహజం. కాని కొన్ని రక్తనాళ సమస్యలు ఆలస్యంగా బయటపడతాయి.

మొదటిది, కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం. శస్త్రచికిత్స జరిగిన మొదటి మూడు నెలలలో ఈ అపాయం ఎక్కువ. కనుకనే వైద్యులు కొన్ని వారాలపాటు రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. ఇల్లు చేరాక దానిని స్వయంగా మానరాదు. పిక్క వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే బెణుకని తలచి నూనెతో మర్దన చేయించరాదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

రెండవది అరుదు, ఏండ్లు గడిచాక కూడా రావచ్చు. తుంటి గుంటలో అమర్చిన గిన్నె వంటి భాగానికి సమీపంలోనే, కటి లోపల, కాలికి రక్తం అందించే పెద్ద ధమని ఉంటుంది. గిన్నె వదులై లోనికి జరిగినా, స్క్రూ మొన ఒరుసుకొన్నా ధమని గోడ దెబ్బతిని, రక్తం చుట్టూ చేరి సంచిలా ఉబ్బుతుంది. గజ్జలో నాడిలా కొట్టుకొనే వాపు, కాలు చల్లబడడం దీని సూచనలు. సీటీ యాంజియోగ్రామ్ పరీక్షతో దీనిని గుర్తించవచ్చు.

పెరియపాళయం పరిసరాలలోని తెలుగువారు, శస్త్రచికిత్స స్వగ్రామంలో జరిగినదైనా, డిశ్చార్జి పత్రాన్ని, ఎక్స్‌రేలను ఇక్కడ తమ వద్దనే ఉంచుకోవాలి. ‘ఇడుప్పు మాట్రు అరువై సిగిచ్చై’ జరిగిందని, ఏ సంవత్సరమో వైద్యునికి తెలపాలి. ఆయాసం, ఛాతీనొప్పి కలిగినా, కాలు హఠాత్తుగా చల్లబడి పాలిపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి.