పురుగుకాటు పుండైనపుడు

కూరగాయల గంపలతో ఎఱ్ఱగడ్డ రైతుబజారునకు వచ్చు సభ్యులు మూసాపేట నెఱుగుదురు. చేనిలో దోమయో చీమయో కందిరీగయో కుట్టిన చోటును గోకి పుండుచేసికొని, త్రోవలో కనబడిన మందుల దుకాణమున "రెండు మాత్ర లిమ్ము" అని యడుగు వాడుక మనలో పెక్కండ్రకు గలదు. వైద్యునికొఱకు వేచియున్నచో నాటి బేరము పోవునని వారి భయము. ఆ భయము నిజమైనదే. కాని కాలు వాచి నెల దినములు మంచము పట్టినచో కలుగు నష్టము అంతకంటె పెద్దది.

కుట్టినచోట ఎఱ్ఱనై దురదపెట్టుట సహజము. సబ్బుతో కడిగి, చల్లని తడిబట్ట వేసి, గోకక యున్నచో కొలది దినములలో తగ్గును. అట్లుగాక ఎఱుపు వ్యాపించుచు, వేడియు పోటును హెచ్చి, చీము పట్టినచో, గోకిన గంటుద్వారా సూక్ష్మజీవులు ప్రవేశించె నని గ్రహింపవలెను. పేడ పూయరాదు, ధనుర్వాతము కలుగవచ్చును.

దుకాణమున నమోదైన ఫార్మసిస్టు ఎవరో యడిగి, ఆతనికే పుండును చూపుడు. ఎన్నడు కుట్టినదియు, మధుమేహము, గర్భము కలవో లేవో, పడని మందు లేవియో చెప్పుడు. దురద తగ్గించు పూతను, పుండు కడుగు విధమును ఆతడు తెలుపగలడు. యాంటీబయాటిక్ మాత్రలను మాత్రము వైద్యుని చీటి లేక అమ్మరాదు. వానిలో హెచ్-1 జాబితాకు చేరినవాని విషయమున, వైద్యుని పేరును రోగి పేరును వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలె నను నియమము 2014 మార్చి 1 నుండి అమలులో నున్నది. ఇంగ్లండులో 2024 జనవరి 31 నుండి పురుగుకాటు పుండు మొదలగు ఏడు వ్యాధులకు ఫార్మసిస్టే పరీక్షించి, అవసరమైనచో అట్టి మందు నిచ్చుచున్నాడు. మన దేశమున ఆ యధికారము ఆతనికి లేదు.

ఈ కట్టుబాటు మన మేలుకొఱకే. వట్టి దురదకు ఆ మాత్రలు పనిచేయవు. అనవసరముగను, తోచినట్లును మ్రింగుచుండినచో సూక్ష్మజీవులు వానికి లొంగకుండ బలపడును. నిజముగా అవసరమైన నాడు మందు పాఱదు.

ఎఱుపు అంచున కలముతో గీత గీయుడు. ఎఱుపు ఆ గీత దాటినను, జ్వరము వచ్చినను, మధుమేహము కలవారైనను ఆలస్యము చేయక బస్తీ దవాఖానాకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో పోవలెను. పెదవులు, నాలుక వాచి ఊపిరాడనిచో వెంటనే 108కు ఫోను చేయవలెను.

"దీనికి నా మందు చాలదు, వైద్యునికి చూపుడు" అని చెప్పు ఫార్మసిస్టు తన బేరమును విడిచి మన మేలు కోరినవాడు. అట్టివాని దుకాణమును సభ్యులు గుర్తుంచుకొందురుగాక.