విషం దిగినా తీరని గండం

పురుగుమందు తాగినవారికైనా, మందు కొడుతూ గట్టు మీదే పడిపోయినవారికైనా ఆసుపత్రిలో ముందు విరుగుడు ఎక్కిస్తారు. మనిషి కళ్లు తెరుస్తాడు. గండం గడిచిందని ఇంటివాళ్లు కుదుటపడతారు. కానీ కొందరిని ఆ తర్వాత న్యుమోనియా పట్టుకుంటుంది.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పురుగు నరాలను దెబ్బతీస్తాయి. నరాల నుంచి కండరాలకూ గ్రంథులకూ కబురు చేరవేసే పదార్థం ఎసిటైల్‌కోలిన్. పని కాగానే దాన్ని విరిచేసే ఎంజైము ఒకటుంటుంది. ఈ మందులు ఆ ఎంజైమును పనిచేయనివ్వవు. పురుగులో ఉన్నట్టే అది మన ఒంట్లోనూ ఉంది. అందుకే నోట చొంగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంత కంటిపాపలు, ఛాతీలో కళ్లె గురగుర.

మామూలుగా పొలమారితే దగ్గి బయటికి నెట్టేస్తాం. స్పృహ తప్పిన మనిషికి ఆ దగ్గు రాదు. నోట్లోని బ్యాక్టీరియాతో సహా చొంగ, వాంతి ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. చాలా మందుల్లో కలిపే కిరోసిన్ జాతి ద్రావకాలు కూడా వెంట వెళ్తే లోపలి పొర పుండవుతుంది. బ్యాక్టీరియాకు అంతకంటే అనువైన చోటు ఉండదు. ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు కొందరికి మెడ నిలవదు, ఊపిరి తీసే కండరాలు సడలిపోతాయి. శ్రీలంక వైద్యులు 1987లో వివరించిన దశ ఇది. అప్పుడు వెంటిలేటర్ తప్పదు. ప్రాణం నిలిపే ఆ గొట్టమే సూక్ష్మజీవులకు మరో దారి అవుతుంది.

కొద్దికొద్దిగా ఒంట్లో చేరే మందుల సంగతి ఇంత తేటగా తేలదు. కెనడా ఉత్తరాన నునావిక్‌లో ఇన్యూట్ తల్లులు తినే సముద్ర జంతువుల కొవ్వులో డీడీటీ అవశేషాలు, పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలు పేరుకుని ఉంటాయి. కడుపులో ఉండగానే వీటి ప్రభావం ఎక్కువగా పడిన బిడ్డలకు చెవి, శ్వాస ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చినట్టు అక్కడి పరిశోధనల్లో కనిపించింది. రెండూ కలిసే ఉంటాయి కనుక నెపమంతా డీడీటీ మీదే వేయడం సరికాదు. అయినా పసిబిడ్డల రోగనిరోధక శక్తి విషయంలో ఇది కొట్టిపారేయదగ్గ హెచ్చరిక కాదు.

మన పత్తి, మిరప చేల దగ్గర ఇప్పటికీ ఒక అలవాటుంది. ఎవరైనా మందు తాగారనగానే ఉప్పునీళ్లో సబ్బునీళ్లో పట్టించి కక్కిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ వాంతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. చేతులకు తొడుగులు వేసుకుని, తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడగండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తరలించండి. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక జ్వరం, ఆయాసం కనిపిస్తే నీరసమని ఊరుకోక మళ్లీ డాక్టరుకు చూపించండి.