సమాధుల తోటలో మన ఊరి చరిత్ర

బందరు పట్టణంలో పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అని మూడు వాడలున్నవి. అక్కడ కాపురముండేవారు ఈ పేర్లను రోజుకు పదిసార్లు పలుకుతారు గాని, వాటి అర్థమేమిటని ఆగి ఆలోచించేవారు తక్కువ. పరాసులంటే ఫ్రెంచివారు. వలందా అంటే హాలెండు, అనగా డచ్చివారు. ఇంగ్లీషువారి సంగతి చెప్పనక్కరలేదు. డచ్చివారు 1605-06 ప్రాంతంలో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో బందరులో వర్తకశాలలు పెట్టుకున్నారు. మన అద్దకపు బట్టల కోసం వచ్చారు. వర్తకం పోయింది, కోట శిథిలమైంది, ఓడరేవు పూడిపోయింది. మిగిలినవి ఈ మూడు పేర్లు, కొన్ని సమాధులు.

డచ్చివారి సమాధుల స్థలం బందరులో నేటికీ ఉన్నది. పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నది గనుక రాళ్లు నిలిచినవి. పెద్ద పెద్ద నల్లరాతి పలకల మీద వంశ చిహ్నాలు, అంచుల్లో లతలు, మధ్యలో ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు. మామూలుగా మనం అక్షరాన్ని రాతిలోకి తవ్విస్తాము. ఇక్కడ అక్షరాన్ని వదలి చుట్టూ ఉన్న రాతినంతా చెక్కివేశారు. ఎంత పని! చెక్కినవారు ఈ తీరపు రాతిపనివారేనని చరిత్రకారులు చెబుతారు. డచ్చి భాష ఒక్క ముక్క రాకపోయినా, కాగితం మీద గీసి ఇచ్చిన అక్షరాన్ని పొల్లుపోకుండా రాతి మీదికి ఎక్కించారు. చనిపోయిన వర్తకుని పేరు, హోదా, తేదీ అన్నీ ఆ పలక మీద ఉన్నవి. చెక్కిన మన మేస్త్రి పేరు మాత్రం ఎక్కడా లేదు.

మా మనస్సు నిలిచిపోయింది ఈ సంగతి దగ్గరే. సమాధుల తోట చరిత్ర పుస్తకం వంటిదని అంటారు. నిజమే గాని, ఆ పుస్తకంలో కొందరి పేర్లే ఉన్నవి.

భీమునిపట్నంలో కూడ డచ్చివారి సమాధులున్నవి. ఆ ఊరు 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. విశాఖపట్నం పాతబస్తీలో దొరల సమాధుల స్థలం ఇంకొకటి. తెలుగు బైబిలు చరిత్ర తెలిసినవారికి విశాఖపట్నం ముఖ్యమైన ఊరు. లండన్ మిషన్‌వారి తరఫున క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొని సువార్తలను అనువదించ మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. అచ్చయిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో వెలువడేనాటికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. వారి ప్రక్కన కూర్చుండి ఏ మాటకు ఏ మాట సరిపోతుందో చెప్పినవాడు ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన పండితుడు. ఆయన సమాధి ఎక్కడున్నదో చెప్పగలవారు మాకు ఇంతవరకు తారసపడలేదు.

రాయి లేకపోయినా నోరు గుర్తుపెట్టుకుంటుంది

రాయలసీమలో వేరొక విధమైన జ్ఞాపకం కనబడుతుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తి కోట దిగువనున్న సమాధుల స్థలంలో పాతిపెట్టారు. నాలుగేండ్ల తరువాత, 1831లో, అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. అయినా గుత్తిలో ఆయన గుర్తు పోలేదు. ఆయన పేరట పత్తికొండలో తోపు వేయించారు, బావి కట్టించారు. వీటన్నిటికంటె గట్టి సంగతి ఏమిటంటే, సీమ రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గవర్నరులు ఎందరో వచ్చిపోయారు. రైతువారీ శిస్తు కట్టిన రైతు ఎవరి పేరు తన ఇంటిలోకి తెచ్చుకున్నాడో చూడండి. దొరతనం చేయించిన స్మారకానికి డబ్బు చాలు. ఇంటిలో పెట్టుకున్న పేరు డబ్బుతో వచ్చేది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ సి.పి. బ్రౌన్ గారిది. తెలుగు నిఘంటువు కూర్చి, వేమన పద్యాలను వెదకి అచ్చు వేయించిన ఆ మనిషి 1884లో చనిపోయి లండన్‌లోని కెన్సల్ గ్రీన్ సమాధుల స్థలంలో పాతిపెట్టబడ్డాడు. ఆయన పని చేసిన ఊరు కడప, ఆయన రాయి వేల మైళ్ల దూరాన. కడపలో ఆయన నివసించిన చోట తెలుగువారు ఆయన పేరుతో గ్రంథాలయం నిలబెట్టారు. అదే ఆయనకు తెలుగునాట రాయి అనుకోవచ్చును.

ఉప్పెనలో పోయినవారు

మళ్లీ బందరుకు వద్దాము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఒక్క రాత్రిలో సుమారు 30,000 మంది చనిపోయారని జిల్లా చరిత్ర చెబుతుంది. అప్పటికి సి.ఎమ్.ఎస్. మిషనెరీ రాబర్ట్ నోబుల్ గారు బందరులో ఉన్నారు. 1841లో వచ్చి, 1843లో పాఠశాల తెరచి, ఇరవై నాలుగేండ్లు ఇంగ్లండు ముఖం చూడకుండా అక్కడే ఉండి, ఉప్పెన వచ్చిన మరుసటి సంవత్సరం, 1865 అక్టోబరులో, ఆ ఊరిలోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన పేరు కళాశాలకు ఉన్నది, పుస్తకాల్లో ఉన్నది. ఉప్పెన రాత్రి పోయిన ముప్పై వేలమందిలో పేరు చెక్కిన రాయి దక్కినవారు ఎందరు? చేతి వేళ్లు చాలునేమో. పాతిపెట్టేవారే కరువైన రోజులవి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూచినవారు మన సంఘాల్లో నేటికీ ఉన్నారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. అల చేరిన కడపటి చోట స్మారకం కట్టారు. మంచిదే. అయితే ఆ ఇండ్లవారు తమవారి పేర్లను ఇంకా నోటితోనే మోస్తున్నారు. అప్పటికి పదేండ్ల పిల్లలైనవారు ఇప్పుడు అరువది ఏండ్ల ప్రాంతంలో ఉన్నారు. వారి నోటిలో ఉన్నది కాగితం మీదికి రావలసిన కాలమిది.

ఒంగోలు ప్రాంతం సంగతి ఇంకొకటి. 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కూలి మీద ఎన్నో కుటుంబాలు బ్రతికినవి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మం పొందారు. క్లౌ దొరగారి పేరు అందరికీ తెలుసు. కాని ఆ రోజు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ నీటిలో నిలబడి బాప్తిస్మమిచ్చిన ఆరుగురూ తెలుగు బోధకులే. ఆ 2,222 మందిలో ఎక్కువమంది పల్లెల్లో, ఊరికి దూరంగా విడిచిన నేలలో, మట్టి దిబ్బల క్రింద ఉన్నారు. తలవైపు ఒక రాయి, కాళ్లవైపు ఒక రాయి, నాటిన వేపమొక్క. బ్రతికినప్పుడు ఊరి బావి వద్దకు రానివ్వనివారికి చనిపోయిన తరువాత చలువరాయి ఎక్కడిది? మన పల్లె సంఘాలలో చాలమంది ముత్తవ్వలు, ముత్తాతలు వీరే. దొరల సమాధులను కాపాడవలసిందే, అందులో సందేహం లేదు. వాటిని కాపాడటానికి శాఖలున్నవి, ఇంగ్లండులో 1976 నుండి ఒక సంఘమే ఉన్నది. జూలియన్ కాటన్ అనే ఉద్యోగి మద్రాసు రాజధాని సమాధుల మీద రాతలను సేకరించి 1905లో గ్రంథమే అచ్చు వేయించాడు. మట్టి దిబ్బల కొరకు అటువంటి గ్రంథం ఎవరు వ్రాస్తారు? మనము తప్ప ఇంకొకరు వ్రాయరు.

పల్లె సంఘం చేయగలిగిన పని

మన సంఘాల్లో సమాధుల పండుగకు, ఈస్టరు వేకువజామున, అందరూ సమాధుల తోటకు వెళ్తారు. కంప కొడతారు, సున్నం వేస్తారు, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ రోజున సంఘమంతా ఒకచోట ఉంటుంది, ముసలివారు కూడ వస్తారు. ఈ పనికి అంతకంటె మంచి రోజు లేదు. ఒక నోటు పుస్తకం, కొలత టేపు తీసుకొని వెళ్లండి. ద్వారం దగ్గర మొదలుపెట్టి వరుసగా ప్రతి సమాధికి ఒక అంకె వేయండి. రాయి ఉంటే రాత ఉన్నది ఉన్నట్లు, తప్పులతో సహా, ఎత్తి వ్రాయండి. రాయి లేకపోతే "ఇది ఎవరిది?" అని పెద్దలనడగండి. చెప్పినవారి పేరు కూడ వ్రాయండి. ఒకరు ఒకలాగు, మరొకరు వేరొకలాగు చెబితే రెండూ వ్రాయండి, తగవు తీర్చవద్దు.

పాత రాయి చదవటానికి మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. ప్రొద్దుట గాని సాయంత్రం గాని ఏటవాలు ఎండలో అక్షరాల నీడ పడి అరిగిపోయిన రాత కూడ పైకి తేలుతుంది. నీడ పడే చోటైతే అద్దం పట్టుకొని ఎండను రాయి మీదికి మళ్లించండి. యాసిడ్ పోయవద్దు, ఇనుప బ్రష్షు వాడవద్దు. నీళ్లు, కొబ్బరి పీచు చాలు. అక్షరాలున్న ముఖం మీద సున్నం, రంగు వేయటం మాన్పించండి. ప్రతి యేడూ వేసిన సున్నమే చాలచోట్ల రాతలను పూడ్చివేసింది. కడప బండల మీద చెక్కినవైతే మరీ తొందరగా చూడాలి, ఆ రాయి పొరలు పొరలుగా లేచిపోతుంది, అక్షరాలు దానితోనే పోతాయి. చేతిలో ఫోను ఉన్న పిల్లవానికి ఫొటోలు తీసే పని అప్పగించండి.

తరువాత చర్చి రిజిష్టర్లు. బాప్తిస్మం, వివాహం, భూస్థాపన పుస్తకాలు పాత పెట్టెల్లో ఉంటాయి. భూస్థాపన రిజిష్టరులో కొన్నిచోట్ల చావుకు కారణం కూడ వ్రాశారు. ఒకే నెలలో వరుసగా కలరా, కలరా అని కనబడితే ఆ ఊరి చరిత్రలో ఆ నెల ఏమి జరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

స్థలం కాగితాల సంగతి అశ్రద్ధ చేయవద్దు. ఆదికాండము 23వ అధ్యాయంలో అబ్రాహాము శారాను పాతిపెట్టటానికి మక్పేలా గుహను ఊరకనే ఇస్తామన్నా తీసుకోలేదు. నాలుగు వందల తులముల వెండి సాక్షుల ఎదుట తూచి ఇచ్చాడు. పొలము, గుహ, పొలిమేరలోని చెట్లతో సహా అతనిదని స్థిరమైంది. ఆ అధ్యాయం చదివితే రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు చదివినట్లే ఉంటుంది! మన సమాధుల తోటల్లో ఎన్నింటికి సర్వే నంబరు ఎవరికైనా తెలుసు? కొన్ని పోరంబోకుగా నమోదై ఉన్నవి, కొన్ని దానమిచ్చిన రైతు మాట మీదనే నడుస్తున్నవి. ఇచ్చిన రైతు మంచివాడే, మనుమలు అమ్ముకునేనాటికి మన దగ్గర కాగితముండదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, ప్రక్క పొలం గట్టు జరిగినప్పుడు అడగటానికి నోరు లేకుండా పోతుంది. రెవెన్యూ రికార్డులో ఏమని ఉన్నదో సంఘ పెద్దలు ఒకసారి నకలు తీయించి చూడండి. నాలుగు హద్దులూ వ్రాసి, గుర్తు రాళ్లు పాతించండి.

నోటు పుస్తకం పూర్తయిన తరువాత రెండు ప్రతులు తీయండి. ఒకటి పాదిరి గారి వద్ద, మరొకటి సంఘంలో బడిపంతులు వంటి వారెవరైనా ఉంటే వారి ఇంట ఉంచండి. చర్చి బీరువాలో పెట్టేదానికి వేపాకు వేయటం మరువకండి, మన ప్రాంతంలో చెదలు ముందు పాత రిజిష్టర్లనే పట్టుకుంటాయి.