కంటైనర్‌లో యాప్ క్రాష్ అయితే హోస్ట్‌లో ప్రోగ్రామ్ ఎందుకు రన్ అవుతుంది? లినక్స్ కెర్నల్ హెల్పర్ల కథ

డాకర్, పాడ్‌మ్యాన్ వాడే చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది: కంటైనర్ లోపల ఏం జరిగినా బయటి సిస్టమ్‌కు సంబంధం ఉండదని. ఫ్రెండ్స్, అది పూర్తిగా నిజం కాదు. ఎందుకో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

నేను ఫెడోరా ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న టెస్ట్ చేశాను. పాడ్‌మ్యాన్ కంటైనర్‌లో బ్యాష్ ఓపెన్ చేసి, స్లీప్ కమాండ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టి, దానికి సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్ పంపాను. క్రాష్ అయింది కంటైనర్‌లో. కానీ క్రాష్ రికార్డ్ కనిపించింది హోస్ట్‌లో, సిస్టమ్‌డీ కోర్‌డంప్ లిస్ట్‌లో. దాన్ని ఎవరు రన్ చేశారు? స్వయంగా కెర్నల్!

హెల్పర్ అంటే ఏంటి?

కెర్నల్ అన్ని పనులూ తానే చేయదు. కొన్నింటికి బయట ఉన్న మామూలు ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. దీన్నే యూజర్‌మోడ్ హెల్పర్ అంటారు. డ్రైవర్ మాడ్యూల్ కావాలంటే మాడ్‌ప్రోబ్, సెక్యూరిటీ కీ కావాలంటే రిక్వెస్ట్‌కీ. ప్రాసెస్ క్రాష్ అయితే, కోర్ ప్యాటర్న్ సెట్టింగ్‌లో పైప్ గుర్తు తర్వాత ఏ ప్రోగ్రామ్ రాసి ఉంటే అది.

ఇక నేమ్‌స్పేస్ విషయానికొస్తే, ఒకే బిల్డింగ్‌లో వేర్వేరు పోర్షన్లు అద్దెకు ఇచ్చినట్టు అనుకోండి. ఎవరి ఫైళ్లు వాళ్లవి, ఎవరి నెట్‌వర్క్ వాళ్లది, ఎవరి ప్రాసెస్ నంబర్లు వాళ్లవి. లినక్స్‌లో 2002లో మౌంట్ నేమ్‌స్పేస్‌తో ఇది మొదలైంది. 2013లో వచ్చిన 3.8 కెర్నల్‌తో మామూలు యూజర్లు కూడా యూజర్ నేమ్‌స్పేస్ తయారు చేసుకునే వీలొచ్చింది. ఇప్పుడు మొత్తం 8 రకాలు ఉన్నాయి.

కానీ కెర్నల్ మాత్రం ఒక్కటే, అది బిల్డింగ్ ఓనర్ లాంటిది. పోర్షన్‌లో సమస్య వచ్చినా ఓనర్ తన మనిషినే పంపుతాడు. అందుకే కోర్ ప్యాటర్న్ హెల్పర్ రన్ అయ్యేది హోస్ట్ నేమ్‌స్పేస్‌లలో, అదీ రూట్ యూజర్‌గా.

మరి కంటైనర్‌లోనే రన్ చేయొచ్చు కదా?

ఈ ఆలోచన కెర్నల్ డెవలపర్లకూ వచ్చింది. 2014-15 ప్రాంతంలో ఇయాన్ కెంట్ ఇందుకోసం ప్యాచ్‌లు కూడా పంపాడు. అవి మెయిన్‌లైన్ కెర్నల్‌లో చేరలేదు.

ఇక్కడ కష్టం కోడ్ రాయడంలో లేదు, ఎవరిని నమ్మాలన్న దాంట్లో ఉంది. మామూలు యూజర్ కూడా తన సొంత మౌంట్ నేమ్‌స్పేస్ తయారు చేసుకోగలడు. అందులో రిక్వెస్ట్‌కీ ఉండాల్సిన చోట తన సొంత ప్రోగ్రామ్ పెట్టగలడు. కెర్నల్ ఆ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి, ఆ ఫైల్‌ను అసలైన రూట్ పవర్‌తో రన్ చేస్తే పని అయిపోయినట్టే. అందుకే హెల్పర్‌ను అడిగిన ప్రాసెస్ నుంచి కాకుండా, కెర్నల్ తన సొంత థ్రెడ్ నుంచి పుట్టిస్తుంది. యూజర్ మార్చిన సెట్టింగ్స్ ఏవీ దానికి అంటకూడదని ఈ జాగ్రత్త.

జాగ్రత్త తప్పితే ఏమవుతుంది?

2022లో బయటపడిన సీవీఈ-2022-0492 దీనికి మంచి ఉదాహరణ. సీగ్రూప్ వెర్షన్ 1లో రిలీజ్ ఏజెంట్ అనే ఫైల్ ఉంటుంది. గ్రూప్ ఖాళీ అయినప్పుడు ఏ ప్రోగ్రామ్ రన్ చేయాలో అందులో రాస్తారు. రాసేవాడికి హోస్ట్‌లో నిజంగా ఆ అధికారం ఉందా అన్నది కెర్నల్ సరిగ్గా చెక్ చేయలేదు. అంటే ఎవరిని పిలవాలో చీటీ రాసింది అద్దెకున్నవాడు, మాస్టర్ కీ ఇచ్చింది ఓనర్! సరైన పరిస్థితి దొరికితే కంటైనర్ నుంచి బయటకు వచ్చి హోస్ట్‌లో రూట్ అయిపోవచ్చు. సెక్‌కాంప్, యాప్‌ఆర్మర్, ఎస్‌ఈలినక్స్ ఆన్‌లో ఉన్న కంటైనర్లకు మాత్రం వాటి నుంచే రక్షణ దొరికింది.

ఇప్పుడు రూట్ మారుతోంది

కొత్త డిజైన్లలో కెర్నల్ ప్రోగ్రామ్‌ను పుట్టించడం తగ్గించి, "ఇలా జరిగింది" అని కబురు మాత్రమే పంపుతుంది. ముందే రన్ అవుతున్న సర్వీస్ మిగతా పని చూసుకుంటుంది. సీగ్రూప్ వెర్షన్ 2లో రిలీజ్ ఏజెంటే లేదు. 2025లో వచ్చిన 6.16 కెర్నల్‌లో క్రాష్ డేటాను నేరుగా యూనిక్స్ సాకెట్‌కు పంపే ఆప్షన్ వచ్చింది.

2017 నాటి 4.11 కెర్నల్‌లో ఇంకో సెట్టింగ్ వచ్చింది: స్టాటిక్ యూజర్‌మోడ్ హెల్పర్. దీనితో ఏ హెల్పర్‌ను పిలిచినా, ముందే ఫిక్స్ చేసిన ఒకే ఒక్క ప్రోగ్రామ్ రన్ అవుతుంది. ఆ పాత్‌ను ఖాళీగా వదిలితే హెల్పర్లన్నీ బంద్. ఆండ్రాయిడ్ జీకేఐ కెర్నల్ చేసేది ఇదే. మీ ఫోన్‌లో జీకేఐ కెర్నల్ ఉంటే ఈ దారి మూసేసినట్టే. డివైస్ ఈవెంట్లను యూఈవెంట్‌డీ, యాప్ క్రాష్‌లను క్రాష్ డంప్ ప్రాసెస్ చూసుకుంటాయి.

మీరు చేయాల్సింది

ల్యాప్‌టాప్‌లో, సర్వర్‌లో కంటైనర్లు నడుపుతుంటే మూడే విషయాలు. ఒకటి, ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్‌లో ప్రివిలేజ్డ్ ఆప్షన్ ఉంటే ఎందుకో తెలియకుండా రన్ చేయొద్దు. అలాంటి కంటైనర్ కోర్ ప్యాటర్న్‌ను మార్చగలదు, ఆ ఫైల్ హోస్ట్ మొత్తానికి ఒక్కటే. రెండు, ఎర్రర్ వచ్చిందని సెక్‌కాంప్, ఎస్‌ఈలినక్స్ ఆఫ్ చేయొద్దు. మూడు, కెర్నల్ అప్‌డేట్ వాయిదా వేయొద్దు. ఇమేజ్ ఎంత కొత్తదైనా, కింద నడిచేది మీ పాత కెర్నలే.