సారె ఇచ్చిన్రు సరే, మట్టెవరిస్తరు?

ఎండకాలం రాంగనే పేపర్లల్ల ఒక ఫొటో పడుతది. కుమ్మరి తాత సారె ముందట కూసుంటడు, కింద 'అంతరించిపోతున్న కళ' అని రాస్తరు. దీపావళికి దీపంతలతోని ఇంకో ఫొటో పడుతది. ఈ రెండిటి నడుమ ఆ తాత ఏం తిని బతికిండో, ఆయన కొడుకు ఏ షాపుల పనికి కుదిరిండో ఎవ్వరూ రాయరు.

నేను ఇరువై ఏండ్ల సంది కులవృత్తుల సంఘాల మీటింగులకు తిరుగుతున్న. కుమ్మరోళ్ల కాడికి పోయినప్పుడల్లా వినపడే మాట "మాతోనే ఆఖరన్నా" అని. మనం జాలిపడి ఒక కూజా కొని ఇంటికొస్తం. ఎందుకు ఆఖరు అని మాత్రం అడగం. అడిగితె తెలుస్తది, చేతి పనికి ఏం కాలేదు. మట్టి, మంట, అంగడి చేజారినయి. ఈ మూడు ఒక్క కుమ్మరితోని అయ్యేటియి కావు, పది మంది కలిసుంటేనే దొరుకుతయి. అందుకే మట్టి పని బతకాలంటె ఒక్కొక్క కళాకారునికి సాయం చేసుడు సాలదని, వాళ్లంత కలిసి నిలబడే జాగను కాపాడాలెనని నేను అంటున్న.

పుట్టుక సంది పాడె దాక

ఒకప్పుడు ఊర్ల కుమ్మరి లేకుంటె పొద్దు గడవకపోయేది. నీళ్లకు రంజన్, వంటకు కుండ, కల్లుకు లొట్టి, రొట్టెకు పెంక, గింజలకు గోలెం, ఇంటి మీదికి గూన. పెండ్లికి ఐరేని కుండలను కుమ్మరింటికెల్లి డప్పుసప్పుళ్లతోని తెచ్చుకునేటోళ్లు. అమ్మోరికి కొత్త కుండల బోనం వండేటోళ్లు. ఇంట్ల కూరాడు కుండను దేవుని లెక్క చూసుకునేటోళ్లు. మనిషి పోతె ముందు నడిచేది సుత కుండనే. దీనికి బదులు పంట కల్లంల కుమ్మరికి మేర గింజలు కొలిచేటోళ్లు.

ఆ పద్ధతిల కులం కట్టుబాటు ఉన్నది, తక్కువ చూపు ఉన్నది. దాన్ని మల్ల తేవాలని నేను అంటలేను. కాకపోతె అప్పుడు ఏడాది పొడుగుత పని ఉండేది. తయారైన వస్తువు ఎవరింట్లకు పోతదో చేసినోనికి తెలిసేది. బాగలేకుంటె మొఖం మీదనే చెప్పేటోళ్లు, బాగుంటె మల్ల అడిగేటోళ్లు. పనోని చెయ్యి తిరిగేది అట్లనే.

తర్వాత సత్తు గిన్నె వచ్చింది, స్టీలు బిందె వచ్చింది, ప్లాస్టిక్ బకెట్, ఫ్రిజ్ వచ్చినయి. స్లాబు ఇండ్లు లేసి గూన పోయింది. 2014ల బోనాలు రాష్ట్ర పండుగ అయినయి, మంచిదే. ఊరేగింపుల మాత్రం నాకు మట్టి బోనం కంటె ఇత్తడి బోనాలే ఎక్కువ కండ్లబడుతున్నయి.

మట్టి పని అంటె సారె ఒక్కటే కాదు

బయటోళ్లకు సారె తిరుగుడే కనపడుతది. అది మొత్తం పనిల చిన్న ముక్క. చెరువు అడుగు నల్లమట్టి జిగురుగ ఉంటది, అదొక్కటే వాడితె ఆరేటప్పుడు పగులుతది. అందుకే ఎర్రమట్టి, సన్న ఇసుక, కొన్ని జాగలల్ల బూడిద కలుపుతరు. ఏది ఎంత కలపాలెనన్నది ఆ ఊరి చెరువును బట్టి ఉంటది. రాళ్లు ఏరాలె, నానబెట్టాలె, కాళ్లతోని తొక్కాలె. సారె మీద మూతి, మెడ, మందం గోడ వస్తయి. గుండ్రటి అడుగు సారె మీద రాదు. లోపల రాయి పట్టి, పైనుంచి కర్ర పలకతోని కొట్టుకుంట కొట్టుకుంట గోడను పలుచగ చేసి అడుగు మూస్తరు. అటెన్క నీడకు ఆరబెట్టాలె. ఎండకు పెడితె ఒక దిక్కు జల్ది ఆరి పర్రె పడుతది.

ఆఖరికి ఆవం. కుండల నడుమ కట్టె, పిడకలు, ఊక పేర్చి, మీద గడ్డి కప్పి మట్టి మెత్తుతరు. సెగ మెల్లగ ఎక్కాలె. మట్టిల మిగిలిన నీళ్లు ఒక్కపారి ఆవిరై తన్నితె కుండ పేలిపోతది. మన ఆవంల వేడి 700 నుంచి 900 డిగ్రీల దాక పోతది. ఆ వేడికి మట్టి గట్టిపడుతది గని సన్న రంధ్రాలు మూసుకపోవు. వాటికెల్లి నీళ్లు ఊరి గాలికి ఆరిపోతుంటయి, అందుకే రంజన్ల నీళ్లు సల్లగుంటయి. 1200 డిగ్రీలు దాటించి గాజు పూత పెట్టే స్టోన్‌వేర్ కప్పు నీళ్లను పీల్చదు, సల్లవెట్టదు. చాయ తాగెతందుకు అది మంచిది, తాగే నీళ్లకు రంజన్ మంచిది. దేని మట్టి దానిది, దేని బట్టీ దానిది.

ఇండ్ల మట్టి తవ్వుడు, తొక్కుడు, ఆవం పేర్చుడు ఒక్కరితోని అయ్యే పని కాదు. మట్టి జల్లెడ పట్టేది, పూత పూసేది, గంప నెత్తిన పెట్టుకొని అమ్మేది ఎక్కువగ ఆడోళ్లే. చాలా జాగలల్ల వాళ్లను సారె ముట్టనియ్యరు. శాలువ, సర్టిఫికెటు, లోను అన్నీ సారె తిప్పినోని పేరు మీదనే వస్తయి. మణిపూర్‌ల ఆండ్రో అనే ఊర్ల కుండలు చేసేది ఆడోళ్లే, అది సుత సారె లేకుంట ఉత్త చేతులతోని. ఆడోళ్లతోని కాదు అనేటోళ్లు ఒక్కపారి ఆ ఊరి దిక్కు చూడాలె.

స్కీముల ఏమున్నది, ఏం లేదు

2018 సంది ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మర్లకు కరెంటు సారెలు ఇస్తున్నది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మల 18 వృత్తులు ఉన్నయి, అండ్ల కుమ్మరి పని ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదలు లక్ష, తర్వాత రెండు లక్షల లోను. ఇయ్యొద్దని ఎవరంటరు? చేతితోని తిప్పే సారె భుజాలను, నడుమును తింటది. కరెంటు సారె మీద ఆడపిల్లలు సుత కూసోవచ్చు.

అయితె సారె వచ్చినంక మట్టి ఏడికెల్లి తేవాలె? 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీసి రైతుల పొలాలకు తోలిన్రు. మంచి పనే. ఆ జేసీబీ దిగేటప్పుడు 'కుండ మట్టి ఏ మూలకున్నది, దాన్ని పక్కకు పెడదమా' అని కుమ్మరిని అడిగిన ఊరు నేను తిరిగిన దాంట్ల ఒక్కటి కనపడలె. పట్నం దగ్గర అయితె చెరువు శిఖం మీదనే వెంచర్లు లేస్తున్నయి.

మట్టి దొరికినా ఆవం ఏడ పెట్టాలె? సుట్టుముట్టు ఇండ్లు లేసినంక పొగ అని కొట్లాట. వానకాలం ఆరబెట్టెతందుకు షెడ్డు లేక సారె మూల పడుతది, లోను కిస్తీ మాత్రం ఆగదు. అంగడి సంగతి చూస్తె, 2004ల లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగ ఉండి రైళ్లల్ల మట్టి కప్పులు పెట్టిచ్చిండు. కొన్నొద్దులకు కాగితం కప్పు, ప్లాస్టిక్ కప్పు మల్లొచ్చినయి. పై నుంచి హుకుం వస్తె సరిపోదు, కింద బట్టీలు, బండ్లు, గిట్టుబాటు ధర ఉండాలె.

జపాన్‌ల పది ఇండ్ల కుమ్మరి ఊరు

కలిసి బతుకుడు ఎట్ల ఉంటదో చెప్పెతందుకు దూరపు ముచ్చట ఒకటి చెప్త. జపాన్‌ల క్యూషూ దీవి మీద, హిటా పట్నం కాడ గుట్టల నడుమ ఓంతా అనే ఊరున్నది. 1705 సంది ఆడ కుండలు చేస్తున్నరు. సుమారు పది కుటుంబాలు. మట్టిని అందరు కలిసి తవ్వి సమానంగ పంచుకుంటరు. ఆ మట్టి రాయి లెక్క ఉంటది, దాన్ని దంచేది వాగు నీళ్లు. పెద్ద దూలం ఒక కొసకు నీళ్లు నిండుతె అది కిందికి వంగి నీళ్లు పోతయి, రెండో కొస లేసి దబ్బున పడి మట్టిని దంచుతది. మన డెంకి లాంటిదే, కాకపోతె కాలుకు బదులు వాగు తొక్కుతది.

వాగు ఎంత దంచితె అంతే మట్టి, అంతే పని. ఒక్కడు మిషిన్ పెట్టి పక్కోని పొట్ట కొట్టెతందుకు లేదు. గిన్నె మీద చేసినోని పేరు ఉండదు, ఊరి పేరే ఉంటది. గుట్ట వాలు మీద కట్టిన పెద్ద బట్టీని కొన్ని కుటుంబాలు కలిసి వాడుకుంటయి. 1954ల బెర్నార్డ్ లీచ్ అనే పేరున్న ఇంగ్లాండ్ కుండల కళాకారుడు ఆడికి పోయి ఉండి పని చేసిండు. 1995ల జపాన్ సర్కారు ఆ పనిని జాతి సాంస్కృతిక ఆస్తిగ గుర్తించింది. 2017 జులై వరదలల్ల మట్టి దంచే దూలాలు దెబ్బతిన్నయి, మల్ల నిలబెట్టుకున్నరు.

అది స్వర్గమని చెప్తలేను. తండ్రి జాగకు కొడుకే వచ్చే కట్టుబాటు ఆడ సుత ఉన్నది. పేరు, గిరాకీ పెరిగినంక లోపట ఒత్తిళ్లు వచ్చినయి. అయినా 300 ఏండ్లు దాటి ఆ ఊరు నిలబడ్డదంటె మట్టి మీద, పని వేగం మీద అందరికి కలిపి ఒక ఒప్పందం ఉండుడే కారణమని నాకనిపిస్తది.

మన దేశంల ఇంకో రకం దారి పాండిచ్చేరిల ఉన్నది. 1971ల రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికావాళ్లు ఆడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టిన్రు. కులంతోని పని లేకుంట నేర్పిన్రు. నేర్చుకున్నోళ్లల్ల చాలామంది ఆ సుట్టుపక్కల, ఆరోవిల్ దిక్కు సొంత బట్టీలు పెట్టుకున్నరు. ఒక నేర్పే జాగ సుట్టు ఒక సమాజం పుట్టింది.

కుమ్మరి అంటె బేరం, ఆర్టిస్ట్ అంటె రేటు

ఇప్పుడు హైదరాబాద్‌ల సుత సెరామిక్ స్టూడియోలు వస్తున్నయి. శని ఆదివారాలు వర్క్‌షాపులు నడుస్తున్నయి. నేర్చుకునేటోళ్లకు దండం పెట్టాలె, మట్టి మీద ఇష్టం పెరుగుడు మంచిదే. కాకపోతె స్టూడియోల కప్పుకు రేటు ఎంతంటె అంత ఇచ్చే మనిషే రోడ్డు పక్క రంజన్ కాడ ఆగి ఇరువై రూపాయలు తగ్గియ్యమని కొట్లాడుతడు. స్టూడియోల పగిలింది ప్రయోగం అయితది, ఆవంల పగిలింది కుమ్మరి నష్టం అయితది. రామాయణం రాసిన మొల్లను కుమ్మరి మొల్ల అని గొప్పగ చెప్పుకుంటం. కొండాపూర్ మ్యూజియంల శాతవాహనుల నాటి మట్టి బొమ్మలను చూసి మురుస్తం. వాటిని చేసిన చేతులకు వారసులైనోళ్లను మాత్రం కళాకారులని పిలువ నోరు రాదు.

ఏం అడుగుదాం

ఒకటి, ప్రతి పెద్ద చెరువుల కుండ మట్టి జాగను గుర్తించి, గ్రామ పంచాయతీ తీర్మానంతోని కుమ్మరి సంఘానికి రాసియ్యాలె. జేసీబీ దిగకముందే ఆ మూలకు హద్దు రాళ్లు పాతాలె.

రెండు, ఒక్కొక్కరికి సారెతో పాటు నాలుగైదు ఊర్లకు కలిపి ఒక షెడ్డు, పొగ తక్కువ వచ్చే ఒక బట్టీ కట్టాలె. కట్టెలు కలిసి కొంటె అగ్గువ పడుతయి, వానకాలం పని ఆగదు.

మూడు, 2020 మేల కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని చెప్పింది. మన దగ్గర సర్కారు ఏటేటా మట్టి వినాయకులను పంచుతున్నది. ఆ ఆర్డర్ ఎండకాలంలనే, అడ్వాన్సుతోని కుమ్మరి సంఘాలకు రావాలె. పండుగకు పది రోజుల ముందు ఆర్డర్ ఇస్తె అచ్చులున్న వ్యాపారికే పోతది.

నాలుగు, ఆ షెడ్డుల సారె మీద ఆడోళ్లు కూసోవాలె, వేరే కులాల పిల్లలు కూసోవాలె. స్టూడియోలల్ల గాజు పూత నేర్చినోళ్లు వచ్చి అది నేర్పాలె, పలకతోని అడుగు మూసుడు కుమ్మరి దగ్గర నేర్చుకోవాలె. నేర్పినందుకు కుమ్మరికి గురువు లెక్క జీతం ఇయ్యాలె. కుమ్మరి బిడ్డ డాక్టర్ కావాలనుకుంటె కావాలె, సారె కాడ ఉండాలనుకుంటె మర్యాదగ బతకాలె. ఏదైనా ఆ బిడ్డ ఇష్టం.

ఇవి మీటింగుల ఒక్క తీర్మానంతోని అయ్యే పనులు కావు. చెరువు మూల కోసం పంచాయతీ ముందట కూసోవాలె, బట్టీ కోసం కలెక్టరేట్ సుట్టు తిరగాలె. సంఘాలు ఆ పని మొదలు పెట్టాలె. చదివెటోళ్లు ఈ ఏడు రంజన్ కొన్నప్పుడు బేరం బంద్ చేసి, మట్టి ఏ చెరువుదని ఒక్క మాట అడుగుండ్రి. ఆ చెరువు ఇంకా ఉన్నదో లేదో ఆయనే చెప్తడు.